మా అత్త నమ్మని ఆరోగ్యం

పోయిన వారం జనగామలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే బాపు ఫోన్ చేశాడు. "అత్త పోయింది బిడ్డా" అన్నాడు. మానుకోట దవాఖానలో, నిద్రలోనే పోయిందట. పక్కన పడుకున్న అమ్మకు కూడా తెలియలేదట.

ఆమె బాపుకు అక్క. భర్త పోయాక కేసముద్రంలో మా ఇంట్లోనే ఉండేది. ఎవరి మాటా ఒకపట్టాన నమ్మేది కాదు. పాలు చిక్కగా ఉంటే పాలమనిషిని "ఇయ్యాల ఏం కలిపినవ్?" అని అడిగేది.

నాకు పదకొండో ఏట షుగర్ వచ్చింది. స్పృహ లేకుండా వరంగల్ దవాఖానకు పోయి, ఇన్సులిన్ సూదులతో ఇంటికి తిరిగొచ్చాను. పంపేటప్పుడే డాక్టరు చెప్పాడు: "కొన్నాళ్లు మందు అవసరం బాగా తగ్గుతుందమ్మా. దాన్ని హనీమూన్ అంటారు. నయమైందనుకోవద్దు, సూది ఆపొద్దు." అత్త మొహం చిట్లించింది. "పెండ్లిగాని పోరికి హనీమూన్ ఏంది సారూ" అంది. పేరును వెక్కిరించింది గాని మాటను మరిచిపోలేదు.

మిగతా అందరూ మరిచిపోయారు. కొద్ది వారాలకే నా దాహం తగ్గింది, మళ్లీ ఆడుకుంటున్నాను. నానమ్మ సమ్మక్కకు మొక్కింది కదా, తల్లి చూసిందన్నారు. సూది వేస్తే షుగర్ మరీ పడిపోయి నా చేతులు వణుకుతున్నాయని బాపు దాన్నీ ఆపేశాడు. అత్త ఎంత పోట్లాడినా వినలేదు. "సప్పుడు జేస్తలేదంటే పోయినట్టు గాదు తమ్మీ" అనేది. ఆ రోజులంటే నాకు ఇప్పటికీ భయం. ఇల్లంతా నవ్వుతుంటే ఆమె ఒక్కతే నేను తాగితే బిందెలో నీళ్లు ఎంత తగ్గాయో చూస్తూ తిరిగేది.

మేడారంలో సమ్మక్క మొక్కంటే ఎత్తు బంగారం, మనిషి బరువుకు సరిపడా బెల్లం. మార్కెట్లో తెలిసిన సేటు కాంటా మీద ఒక పళ్లెంలో నన్ను కూచోబెట్టి, రెండో పళ్లెంలో బెల్లం పెట్టి తూచారు. ఆ వారమే తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగాయి. ప్రయాణం వాయిదా పడింది, బెల్లం సేటు దగ్గరే ఉండిపోయింది. నెల దాటాక మళ్లీ బయలుదేరే రోజు నానమ్మ, "బిడ్డ ఒళ్లు చేసుంటది, మొక్కు తక్కువ గావద్దు, ఇంకోపారి తూచుండ్రి" అంది.

తూచారు. బెల్లం పళ్లెం నేలకు తగిలింది, నేను పైకి లేచాను. తల్లి దయ, బెల్లం మిగిలిందంటూ బాపు నవ్వుకుంటూ ముద్దలు తీయబోయాడు. అత్త అతని చెయ్యి పట్టుకుంది.

"బెల్లం పెరగలే తమ్మీ. పిల్ల తరిగింది."

బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకు గొంతు ఎండిపోతోంది, నీళ్లు అడగడానికి భయమేసింది.

మొక్కు పక్కన పెట్టి అత్త నన్ను ఆటోలో వరంగల్ తీసుకుపోయింది. సమ్మె సడలినా రోడ్ల మీద వంటావార్పు ఆగలేదు. దారికి అడ్డంగా పొయ్యిలు పెట్టుకొని జనం కూచున్నారు. అప్పటికే నాకు వాంతులు, ఊపిరి భారంగా వస్తోంది. అత్త దిగి వాళ్ల ముందు నిలబడింది. "తెలంగాణ రావాలె. రేపు నేను గూడ వచ్చి కూసుంట. ఇయ్యాల ఈ పిల్లను పోనియ్యుండ్రి" అంది. అన్నం ఉడుకుతున్న పెద్ద గంజును పొయ్యి మీంచి దించి మాకు దారి ఇచ్చారు. నేను బతికి ఇంటికొచ్చాక ఆమె నిజంగానే పోయి వాళ్లతో కూచుంది. ఆ మనిషికి నేను ఎంత రుణపడి ఉన్నానో ఏనాడూ చెప్పలేదు, చెప్పినా నమ్మేది కాదు.

మొన్న, ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరం జరిగాం. కాకి గోడ మీద వాలింది గాని కిందికి దిగలేదు. బాపు అక్కకు ఏవేవో మాటలిచ్చాడు. చివరికి నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా, సూది ఏసుకుంటున్న అని" అన్నాడు.

"ఏసుకున్న అత్తా. రోజూ ఏసుకుంట" అన్నాను.

కాకి మెడ వంచి చూసింది, కదలలేదు. బతికున్నప్పుడు ఆమె ఏ మాటనైనా ఒక్కసారికే నమ్మిందా? చీర కొంగు జరిపి, పొట్ట మీద పొద్దుటి సూది గుర్తుపై వేలు పెట్టి, ఈసారి గట్టిగా చెప్పాను.