గోడకు అటూ ఇటూ దేవుళ్ళు

1975 వేసవి మొదట్లో నాకు కూకట్‌పల్లి పని అప్పగించారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ భవన పరిశోధనాలయంలో, శబ్ద పరీక్షల విభాగంలో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంటును. పేరు పొడుగే గానీ హోదా చిన్నదే. మా పైన సైంటిస్టు, ఆయన పైన విభాగాధిపతి. ఎండలో జీపెక్కి మీటర్లు మోసుకుపోయేది మాత్రం మేము. విభాగంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, కాపురాలుంటున్న ఇళ్ళలో పరీక్ష అనగానే "ఆవిడను పంపండి, వంటింటిదాకా వెళ్ళగలదు" అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత తరవాత, వంటింట్లోకి తొంగిచూడనివాడు ఇంటిని ఏం పరీక్షిస్తాడులే అని నేనే సర్దుకున్నాను.

ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్ళకు చెబితే నవ్వుతారు. అప్పట్లో కూకట్‌పల్లి ఊరు దాటితే రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు, జొన్నచేలు. గాలి అటునుంచి వీస్తే రాయదుర్గం వైపు ఎక్కడో బండలు పేల్చిన చప్పుడు లీలగా వినిపించేది. ఊరి బయట రోడ్డు పక్కన యంత్రాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారం ఉండేది. దాని వెనక కార్మికులకు జంట ఇళ్ళు కట్టారు. జంట ఇళ్ళంటే, మధ్యలో ఒకే గోడ, అద్దంలో చూసినట్టు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. వంటిళ్ళు రెండూ ఆ నడిమి గోడకే ఆనుకుని ఉంటాయి. వంటింటికీ పడకగదికీ మధ్య తలుపుండదు, గుమ్మమే.

ఒక జంట ఇంట్లో ఇటువైపు సత్తయ్య, ఆయన భార్య లక్ష్మమ్మ ఉండేవారు. ఆ ఊరి వాళ్ళే. అటువైపు గుడివాడ నుంచి వచ్చిన అన్నపూర్ణమ్మ కుటుంబం. సత్తయ్య ఇనుప రేకులు నొక్కి కోసే ప్రెస్ షాపులో రాత్రి షిఫ్టు మనిషి. ఒకనాడు నడుస్తున్న ప్రెస్ ముందు కునికాడు. ఫోర్‌మన్ చొక్కా పట్టి లాగబట్టి సరిపోయింది, లేకపోతే చెయ్యి పోయేది. కంపెనీ ఛార్జి మెమో ఇచ్చింది. పక్కింటి చప్పుళ్ళకు పగలు నిద్ర పట్టడం లేదని ఆయన జవాబు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాటి చప్పుడెలా వస్తుంది, ఇదంతా సాకు అని ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు వాదన. అందుకని మా పరిశోధనాలయాన్ని పిలిచారు. విచారణ సోమవారం, మా పరీక్ష శుక్రవారం. గోడ నెగ్గిందంటే సత్తయ్య ఉద్యోగం పోతుంది. ఇది నాకు చెప్పింది ఆఫీసరుగారే, అదీ ఎంతో ప్రశాంతంగా.

పాఠకులకు ఈ పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. ఒక గదిలో లౌడ్‌స్పీకరు పెట్టి పెద్ద హోరు పుట్టిస్తాం. ఆ గదిలో ఎంత హోరుందో, గోడ అవతలి గదిలో ఎంత వినిపిస్తోందో మీటరుతో కొలుస్తాం. సన్నటి స్వరం నుంచి బొంగురు స్వరం దాకా ఒక్కొక్కటీ విడివిడిగా. ఆ తేడాయే గోడ బలం. రబ్బరు బుడగ పగలగొట్టి, ఆ మోత గదిలో ఎంతసేపు మిగులుతుందో చూసి లెక్క సరిచేస్తాం. కొలవడం పూటలో అయిపోతుంది. అసలు కష్టమంతా స్థలం సిద్ధం చేయడంలోనే. తలుపులూ కిటికీలూ బిగించి ఉండాలి, తలుపు కింద సందుల్లో గుడ్డలు కుక్కాలి, గోడకు పూసిన సిమెంటు పూర్తిగా ఆరాలి, నీళ్ళ మోటారు ఆపాలి, చుట్టుపక్కల సుత్తి చప్పుడు ఉండకూడదు. ఇవన్నీ రాసిన అచ్చు కాగితం ఒకటి మా ఆఫీసు ముందుగానే పంపుతుంది. దాన్ని చదివే సైటు ఇంజినీరు నాకు అంతకుముందు ఒక్కడూ తగల్లేదు.

ఈసారి తగిలాడు. ప్రభాకర్ అని కుర్ర అసిస్టెంటు ఇంజినీరు, నమూనా గీసి ఆ ఇళ్ళు కట్టించినవాడు. మేము వెళ్ళేసరికి మోటారు ఆపించాడు, వడ్రంగులను పంపేశాడు, కిటికీ రెక్కల అంచులకు పాత దుప్పటి పీలికలు అంటించాడు. కరెంటు తీగ కూడా లాగి ఉంచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సత్తయ్య మాత్రం షిఫ్టు దిగి వచ్చి, ఎర్రబడ్డ కళ్ళతో అరుగు మీద గోడకు జారబడి కూర్చున్నాడు. నిద్ర లేదని ఫిర్యాదు చేసిన మనిషికి మా పుణ్యాన ఆ పూట ఉన్న కాస్త నిద్రా పోయింది.

"నేను తాగి పడిపోలే మేడమ్. ఇంట్ల నిద్ర పడ్తె మిషన్ కాడ ఎందుకొస్తది?" అన్నాడు. కొలిచి చూస్తేగాని ఏమీ చెప్పలేనన్నాను. అది నిజమే గానీ, అంటుంటే నాకే బాగోలేదు.

లోపలికి వెళ్ళగానే లక్ష్మమ్మ నా మీద పడింది. "ఏందమ్మా ఇది? దేవుండ్లను తీస్కొచ్చి ట్రంకుపెట్టె మీద పెట్టిన్రు. నిన్నటి సంది దీపం లేదు. గిట్లనేనా మీ పరీక్ష?"

చూస్తే నిజమే. పటాలు, దీపపు సెమ్మె, పసుపు భరిణె అన్నీ పెట్టె మీద ఉన్నాయి. వంటింటి గోడలో, మనిషి ఛాతీ ఎత్తున, కిటికీ రెక్కంత మేర కొత్త సిమెంటు మెరుస్తోంది. వేలు పెడితే తడి తగిలింది. అక్కడ నిన్నటిదాకా దేవుడి గూడు ఉండేదట. ఇంట్లో దిగిన వారంలోనే లక్ష్మమ్మ మేస్త్రిని పిలిచి కొట్టించుకుందట. నేను పక్కింటికి పరుగెత్తాను. అన్నపూర్ణమ్మ వంటింట్లోనూ అదే గోడ, అదే ఎత్తు, అదే చోట తడి సిమెంటు.

ఇళ్ళ నమూనాలో దేవుడికి చోటు లేదు. రెండిళ్ళ ఆడవాళ్ళూ, ఒకరినొకరు అడగకుండానే, ఆ గోడనే ఎంచుకున్నారు. ఇటువైపు గూట్లో దేవుడు తూర్పు చూస్తాడు, అటువైపు గూట్లో పడమర చూస్తాడు, ఎవరికీ అభ్యంతరం లేదు. ముందు లక్ష్మమ్మ గూడు పడింది. తరవాత వచ్చిన అన్నపూర్ణమ్మ కొట్టిస్తుంటే వెనక ఇటుక మిగల్లేదు.

"వెనక ఖాళీ వచ్చిందమ్మా అని మేస్త్రి ఒక పల్చటి షాబాద్ రాతి పలక నిలబెట్టి సున్నం పూశాడండీ. నేనూ సరేలే అనుకున్నాను," అంది ఆవిడ. తొమ్మిదంగుళాల గోడ ఆ మేరకు ఒక్క పలకయింది. అటు గంట కొడితే ఇటు దేవుడు కూడా వినాల్సిందే!

ప్రభాకర్‌ను పట్టుకుని కేకలేశాను. అతను బిత్తరపోయి మా అచ్చు కాగితం చూపించాడు. "గోడలోని రంధ్రాలన్నీ మూయాలని మీరే రాశారు కదండీ. మూయించాను." కాగితంలో అలాగే ఉంది. అతనిలో మోసం లేదు. మేము అడిగినట్టే సిద్ధం చేశాడు. అయితే అలా సిద్ధం చేసిన గోడ పక్కన సత్తయ్య ఒక్క రోజు కూడా పడుకోలేదు.

పర్సనల్ ఆఫీసరు తెల్ల చొక్కా నలగకుండా నిలబడి, ఇంక మొదలుపెట్టమన్నాడు. నాకు రెండు దారులున్నాయి. సిమెంటు ఆరలేదని వాయిదా వేయడం నిబంధన ప్రకారం సరైనదే, కానీ సోమవారం విచారణ మా నివేదిక లేకుండానే జరిగిపోతుంది. ఉన్నదున్నట్టు కొలిస్తే గోడ నెగ్గవచ్చు, సత్తయ్య ఓడిపోతాడు. నేను మూడోది చెప్పాను. గూళ్ళు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి కొలుస్తాను, రెండూ రాస్తాను, మొదటిదాని పక్కన సిమెంటు తడి అని కూడా రాస్తాను. నమూనాలో లేని గూటిని ఎందుకు కొలవాలన్నాడాయన. నన్ను పిలిచింది కాగితం మీది ఇంటికి కాదు, ఈ ఇంటికి అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

మూసి కొలిచినప్పుడు గోడ చక్కగా నిలిచింది. ఆఫీసరు ముఖం వెలిగింది, ప్రభాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. తడి సిమెంటు కాబట్టి పూడ్చిన ఇటుకలు తేలిగ్గానే ఊడి వచ్చాయి. పెళ్ళలు ఎత్తి, నేల ఊడ్చి, పటాలు మళ్ళీ గూళ్ళలో పెట్టించాను. లక్ష్మమ్మ దీపం వెలిగించేదాకా ఆగాం. మళ్ళీ తలుపులు బిగించి, మా సహాయకుడు అటువైపు లౌడ్‌స్పీకరు సరిచేస్తున్నాడు. ఇటువైపు గదిలో నేను, ఆఫీసరు, ప్రభాకర్ మీటరు చుట్టూ నిశ్శబ్దంగా నిలబడ్డాం. హోరు ఇంకా మొదలవలేదు. అంతలో గోడలోంచి, భర్తతో అంటున్న అన్నపూర్ణమ్మ గొంతు, పక్కనే నిలబడి మాట్లాడినట్టు వినిపించింది.

"ఏమండీ, ఆ తెల్ల చొక్కా ఆయన ఎప్పుడు కదులుతాడండీ? పొద్దుటినుంచీ పొయ్యి వెలిగించలేదు. పాపం సత్తయ్యగారి కళ్ళు చూశారా, చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను రేడియో కట్టేస్తాను గానీ, రుబ్బడం మానలేను కదా!"

ప్రభాకర్ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నేను మీటరు ముల్లు వైపు చూస్తూ పెదవి కొరుక్కున్నాను. తరవాత కొలత కూడా ఆ మాటే చెప్పింది. సన్నటి స్వరాల దగ్గర గోడ ఉన్నా లేనట్టే.

ఆఫీసరు తేరుకుని ఇంకో దారి పట్టాడు. కంపెనీ గోడ పగలగొట్టినందుకు రెండిళ్ళ వాళ్ళకూ మెమోలివ్వాలన్నాడు. సత్తయ్య అరుగు మీదినుంచి లేచి నిలబడ్డాడు. అన్నపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"మీ బంగళాలో దేవుడెక్కడున్నాడండీ?" అని అడిగాను.

పూజగదిలో అన్నాడు.

"అది నమూనాలో ఉందా, మీరు పగలగొట్టించుకున్నారా?"

ఆయన చూపు ప్రభాకర్ మీదికి పోయింది. ఆఫీసర్ల బంగళాలకు పూజగది గీసింది కూడా ప్రభాకరే, అతను అక్కడే ఉన్నాడు. "కార్మికుల ఇళ్ళకు గీయమని నాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు నెమ్మదిగా. అలా అనడానికి ఆ కుర్రాడికి ధైర్యమే కావాలి.

ఆ రాత్రే నివేదిక రాసి, మా సైంటిస్టు చేత సంతకం పెట్టించి, శనివారం అందజేశాను. గోడ నిర్మాణంలో లోపం లేదు, నమూనాలో లోపం ఉంది, నివాసి ఫిర్యాదు వాస్తవం. అంతే రాశాను. సోమవారం విచారణలో సత్తయ్య మీది ఛార్జి మెమో ఉపసంహరించారు. గూళ్ళు కొట్టినందుకు ఇస్తామన్న మెమోల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పాత ఇళ్ళలో గూళ్ళు పూడ్చి, పెరటివైపు గోడకు దేవుడి అల్మారాలు బిగించారు. కొత్త వరసల నమూనాలో దేవుడి గూడును ప్రభాకర్ తానే గీశాడు, నడిమి గోడకు దూరంగా.

సిమెంటు ఆరాక మళ్ళీ కొలవాలి, అది నియమం. నెల దాటాక జీపులో సరంజామా వేసుకుని ఉదయం పదింటికి వెళ్ళాను. పక్కింట్లో రుబ్బురోలు తిరుగుతూనే ఉంది. లక్ష్మమ్మ గుమ్మంలోనే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"జర మెల్లగ మాట్లాడమ్మా. పండుకున్నడు. ఇప్పుడు లేపితే నేనూర్కోను."

నా చేతిలో కంపెనీ ఉత్తర్వు ఉంది, పరీక్ష తేదీ, గంట అన్నీ వేసి. దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. అన్నపూర్ణమ్మ ఇంట్లో కాఫీ తాగి తిరిగి వచ్చాను. మా విభాగాధిపతి ఫలితం ఏమిటని అడిగితే, కొలవలేదండీ, గదిలో మనిషి నిద్రపోతున్నాడు అన్నాను. ఆయన సరే, అలాగే రాయమన్నాడు. అలాగే రాశాను.

ఆ పని తరవాత మా అచ్చు కాగితంలో ఒక వాక్యం మార్పించాను. ఇంటిని మొదట మనుషులు వాడుతున్న తీరులోనే కొలవాలి, సందులు మూయడం ఆ తరవాతే. రిటైరయ్యేదాకా ఏ స్థలానికి వెళ్ళినా మీటరు పెట్టె తెరవకముందే ఈ గదిలో ఎవరు పడుకుంటారు, ఏ వేళప్పుడు అని అడిగేదాన్ని. ఆ సంగతి తెలియకుండా కొలిచినదాన్ని పరీక్షగా లెక్కవేయలేదు.