గోరమ్మ ఆపిన విమానం

విమానం చక్రాల కాళ్ల నుంచి రెక్కల దాకా ప్రతి అతుకునూ చూపుడువేలి గోరుతో గీసి చూస్తుంది కాబట్టి మెకానిక్కులు ఆవిడకు గోరమ్మ అని పేరు పెట్టారు. పంతొమ్మిదేళ్లుగా చిన్న విమానాల తనిఖీ ఆవిడ పని. ఆవిడ కాదంటే ఆ రన్‌వే మీద ఏదీ గాల్లోకి లేవదు. భర్త దర్జీ. "మనిద్దరిదీ కుట్లు చూసే పనే. నా కుట్టు ఊడితే జనం నవ్వుతారు. నీది ఊడితే..." అని అక్కడే ఆగిపోయేవాడు.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి దేశాధినేత సంతకంతో ఉత్తర్వు వచ్చింది. చిన్న విమానాల తనిఖీ బాధ్యతను విమానయాన కార్యాలయం నుంచి తీసేసి రవాణా శాఖకు అప్పగించారు. ఆ మధ్యాహ్నం పన్నెండు నుంచే అమలు.

"పన్నెండు దాకా పని మనదే. తర్వాత చేతులు కట్టుకు కూర్చోవడమే" అన్నాడు పై అధికారి.

పదకొండు ఇరవైకి ఆవిడ హ్యాంగరులో ఒక విమానం కింద వెల్లకిలా పడుకుని ఉంది. కుడి చక్రం కాలి మీద గోరు తట్టుకుంది. మళ్లీ గీసింది. మళ్లీ అక్కడే. గ్రీజు తుడిచి టార్చి వేస్తే వెంట్రుకంత బీట. ఒంటిగంటకు ఆ విమానం పదిమందితో బయల్దేరాలి.

వెంటనే నిలుపుదల నోటీసు రాసింది. అందుకున్నట్టు ఆ విమానం నడిపే కంపెనీ మేనేజరు పన్నెండులోగా సంతకం పెడితేనే అది చెల్లుతుంది. మేనేజరు గది తలుపు మూసి ఉంది.

"సార్ మీటింగులో ఉన్నారండీ" అంది గుమస్తా, కళ్లు పైకెత్తకుండా.

లోపల కుర్చీ కిర్రుమంటోంది తప్ప రెండో గొంతు వినబడటం లేదు. పదకొండు నలభై. నలభై ఐదు. యాభైకి గోరమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. మేనేజరు ఒక్కడే గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"పది నిమిషాలు ఓపిక పట్టండి మేడమ్. ఆ తర్వాత మీకీ శ్రమే ఉండదు."

"సంతకం పెట్టండి."

"పెట్టకపోతే?"

ఆవిడ గుమస్తాను లోపలికి పిలిచింది. నోటీసు గట్టిగా చదివింది. 'అందుకోవడానికి నిరాకరించారు' అని కింద రాసి, సాక్షి సంతకం కోసం కలం అందించింది. నిబంధనల్లో ఆ దారి కూడా ఉంది. గుమస్తా మేనేజరు వైపు చూసింది, కాగితం వైపు చూసింది. సంతకం చేసింది. పదకొండు యాభై ఆరు. ఆవిడ పరుగున వెళ్లి నోటీసును విమానం తలుపుకు అంటించింది.

పన్నెండుంపావుకు రవాణా శాఖ అధికారి వచ్చాడు. ఇరవై రెండేళ్లు లారీలు, బస్సులు చూసిన మనిషి.

"ఇప్పుడు అధికారం మీది సార్. ఆ కాగితం చింపేస్తే చాలు, ప్రయాణికులు ఎదురుచూస్తున్నారు" అన్నాడు మేనేజరు.

అధికారి గోరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, విమానాల్లో నాకు ఓనమాలు రావు. ఏదీ, చూపించండి."

"చూపించే అధికారం నాకు లేదండీ ఇప్పుడు."

"అడిగే అధికారం నాకుందిగా."

బొజ్జ ఇబ్బంది పెడుతున్నా ఆయన విమానం కిందికి దూరాడు. గోరమ్మ టార్చి వేసి చోటు చూపించింది. చివరికి ఆయన చొక్కా నిండా మరకలతో బయటికొచ్చాడు.

"లారీ కమాను విరగడం కూడా ఇలాగే మొదలవుతుంది. తర్వాత లారీ కాలవలో తేలుతుంది" అని, నోటీసు కింద తన సంతకం కూడా పెట్టాడు. ప్రయాణికులు రెండింటికి బస్సెక్కారు.

పని రవాణా శాఖకు వెళ్లింది గానీ మనుషులను తీసుకెళ్లలేదు. గోరమ్మను ఉత్తరాల విభాగంలో కూర్చోబెట్టారు. ఆ అధికారి మాత్రం సాయంత్రాలు ఫోన్ చేసి సందేహాలు అడిగేవాడు. ఒకరోజు, ఒక విమానానికి రెక్క అతుకు దగ్గర రంగు పెచ్చులూడిందన్నాడు.

"కళ్లతో చూడకుండా ఏమీ చెప్పలేనండీ" అంది ఆవిడ. మర్నాడు సెలవు పెట్టింది.

"నీ పని కాదుగా ఇప్పుడు?" అన్నాడు భర్త.

"కాదు" అంటూనే చెప్పులు వేసుకుంది.

హ్యాంగరు గేటు దగ్గర, పంతొమ్మిదేళ్లు సలాం కొట్టిన వాచ్‌మన్ సిగ్గుపడుతూ సందర్శకుల రిజిస్టరు ముందుకు జరిపాడు. ఎవరిని కలవాలి అన్న గడిలో ఆవిడ విమానం నంబరు రాసింది. అతను అది చదివి గేటు తీశాడు.