పిల్లప్ప మేష్టరు కష్టాలు

పిల్లప్ప మేష్టరుకు లోకంలో ఎవరికీ లేనన్ని కష్టాలుండేవి. కష్టాలుండటం వింత కాదు. వాటిని ఆయన ఇంట్లో చెప్పుకోడు, తోటి మేష్టర్లతో చెప్పుకోడు, దేవుడికి కూడా చెప్పుకోడు. బడిపిల్లలకు చెప్పుకుంటాడు. చెప్పుకుని ఊరుకోడు, చివర "నువ్వేమంటావప్పా?" అని సలహా అడుగుతాడు. ఆయన పోయి చాన్నాళ్ళయింది. అయినా బెంగళూరు దండులోని, అంటే కంటోన్మెంటులోని, ఆ పాదిరీల హైస్కూల్లో చదివినవాళ్ళు నలుగురు కలిస్తే, ఆయన కష్టాలు ఒక్కొక్కటే తలుచుకుని కడుపుబ్బ నవ్వుకుంటారు.

ఆయన చెప్పేది చరిత్ర పాఠం. అశోకుడు కళింగ మీదికి దండెత్తి సగం దారిలో ఉండగా పాఠం ఆగిపోయేది.

"యుద్ధమంటే గ్యాపకం వచ్చింది. మా అత్త వచ్చుండాది," అనేవాడు. ఎవడో ఒకడు మొహం వేలాడేసుకుని కూర్చుని ఉంటాడు కదా, వాడిని లేపేవాడు. "ఆమె వంటింట్లోకి పోతే నా పెండ్లాము బయటికి వస్తాది. ఆమె బయటికి వస్తే ఈమె లోపలికి పోతాది. ఈ నడిమిట్లో నాకు కాఫీ లేదు. నువ్వేమంటావప్పా?"

"మీరే పెట్టుకోండి సార్."

మర్నాడు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చేవాడు. "నీ మాట విన్నాను చూడప్పా!" క్లాసంతా గొల్లుమనేది. మొహం వేలాడేసుకున్నవాడు కూడా నవ్వేవాడు. తర్వాత వాడే, వెన్న రాసుకోమని ఇంకో సలహా ఇచ్చేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ బడికి హెడ్మాస్టరుగా తెనాలి వైపు నుంచి ఇన్నయ్య ఫాదరు వచ్చాడు. క్రమం తెలిసిన మనిషి, చొక్కా గుండీ నుంచి ప్రార్థన గంట దాకా అన్నీ వేళకు జరగాలి. మార్చి వచ్చేసరికి ఆయన ఒక సంగతి గమనించాడు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షల భయంతో పిల్లలకు జ్వరాలు వస్తున్నాయి. ఒకడు అన్నం మానేశాడు. ఒకడు రైలెక్కి కోలారు పోయి దొరికాడు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం కాబట్టి కతోలిక పిల్లలు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి, గురువు దగ్గర మనసులో బరువు దించుకుని తేలిగ్గా వస్తున్నారు. మరి తక్కిన పిల్లలు ఎక్కడ దించుకోవాలి?

ఆలోచించి పిల్లప్పను పిలిచాడు. "మాస్టారూ, బడి వదిలాక లేబొరేటరీ పక్కగదిలో కూర్చోండి. దిగులుగా ఉన్న పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలవండి. ఒకరు చెప్పుకోవాలి, ఒకరు వినాలి. అంతే పని."

"అంతేనా? అది నాకు అలవాటే ఫాదర్."

వారం తిరక్కుండా ఫాదరు ఆ గది కిటికీ పక్కగా నడిచి వెళుతూ గతుక్కుమని ఆగిపోయాడు. లోపల కుర్చీలో కాలు మీద కాలేసుకుని కుర్రవాడు కూర్చున్నాడు. బెంచీ మీద చేతులు కట్టుకుని పిల్లప్ప మేష్టరు కూర్చున్నాడు. "...అట్ల పెరుగంతా పిల్లి తాగేసిందప్పా. తలుపు నేనే వేయలేదు. ఇంట్లో నేను వేసినానని చెప్పినాను. ఇప్పుడేం చేయాల?"

ఫాదరు ఆయనను బయటికి పిలిచాడు. "మిమ్మల్ని వినమన్నాను కదండీ!"

"వింటానే ఉండాను ఫాదర్! ఎంత బాగా బుద్ధి చెప్తాండాడో!"

ఫాదరు తల పట్టుకున్నాడు. ఈ పెద్దమనిషి పాపసంకీర్తనాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. పాపాలన్నీ తనే చెప్పుకుంటున్నాడు, పిల్లలు క్షమిస్తున్నారు! ఈ పరీక్షలు గడిచాక ఆ గదికి తాళం వేయించాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

పరీక్షలు గడవటమే కష్టంగా ఉంది. హొసకోటె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఓబళప్ప అనే కుర్రవాడు ప్రిపరేటరీ పరీక్షలో లెక్కలు తప్పాడు. ఆ రోజు నుంచి నోరు విప్పటం లేదు. పటాలంలో చేర్చుకునే ఆఫీసు ఎక్కడుందని నలుగురినీ అడుగుతున్నాడని ఫాదరు చెవిన పడింది. పిలిచి అడిగితే గోడకేసి చూశాడు. బుజ్జగిస్తే నేలకేసి చూశాడు.

అంతలో వాడి తల్లి సొన్నమ్మ గంపెడు వేరుశనక్కాయలతో ఫాదరు గదికే వచ్చింది. పిల్లప్ప కూడా అక్కడే ఉన్నాడు.

"మావాడు క్లాసుకే ఫస్టంట గదా సామీ! వాడే చెప్పినాడు. సంతలో అందరికీ చెప్పేసినాను. వాడు పరీక్ష పాసైన దినం మా మునేశ్వరునికి పొట్టేలు కొడతానని మొక్కినాను!"

ఫాదరుకు విషయమంతా ఒక్కసారిగా అర్థమైంది. నిజం చెప్పటానికి నోరు తెరిచాడు. ఆ క్షణంలోనే పిల్లప్ప కెవ్వున అరిచాడు.

"ఫాదర్! నా నడుం పట్టేసింది! రవంత బయటికి రండి, నిలబడలేను!"

ఫాదరు ఆయనను పట్టుకుని వసారా చివరిదాకా మోసుకుపోయాడు. ఇద్దరూ గదికి తిరిగి వచ్చేసరికి సొన్నమ్మ బస్సు వేళైందని వెళ్ళిపోయింది. పిల్లప్ప నిటారుగా నిలబడి, గంపలోంచి వేరుశనక్కాయలు తీసి ఒలుచుకోసాగాడు.

"తగ్గిందా నడుం?"

"శనక్కాయలకు వాయువు తగ్గుతాది ఫాదర్."

మర్నాడు సాయంత్రం ఆ గదిలోకి ఓబళప్ప వెళ్ళాడు. హెడ్మాస్టరు కిటికీ దగ్గర నిలబడి వినటం మర్యాద కాదని ఫాదరుకు తెలుసు. అయినా బూటు లేసు ఊడినందువల్ల అక్కడే ఆగవలసి వచ్చింది.

"పెద్ద కష్టం వచ్చిందప్పా," అంటున్నాడు పిల్లప్ప. "ఈ జూన్ నుంచి నేనే హెడ్మాస్టరని ఇంట్లో చెప్పేసినాను."

లోపల కిసుక్కున నవ్వు. ఆ నెలలో ఓబళప్ప నవ్వటం అదే మొదలు.

"సార్! ఈ బడిలో ఫాదర్లే గదా హెడ్మాస్టర్లు!"

"అదే గదా కష్టం. నేను ఫాదరు కావాలంటే ముందు నా పెండ్లామును ఏం చేయాల? వీధంతా చెప్పేసింది. నా తలకు చుట్టుకునేకి జరీ పేటా తీసిస్తానంటా ఉండాది. నేను ఏ యలహంకకో పోయి విమానాలు తుడుచుకుంటా బతుకుదామని చూస్తాండా. నువ్వేమంటావప్పా?"

"ఎందుకు చెప్పినారు సార్ అట్ల?"

"ఆమె మొహం వెలిగిపోతా ఉంటే చూసేకి బాగుండాది. ఒగసారి చెప్పినాక ఎట్ల వెనక్కి తీసుకునేది?"

ఓబళప్ప గొంతు చిన్నదైంది. "చెప్పేయండి సార్. ఎన్ని దినాలని దాస్తారు? పారిపోతే అమ్మ... మీ ఇంట్లో ఆమె ఇంకా ఎక్కువ ఏడుస్తాది."

"చెప్పే ధైర్యం లేదప్పా. నువ్వు తోడు రా."

"నేనా?"

"నువ్వు పక్కన ఉంటే ఆమె రవంత తక్కువ తిడతాది."

కిటికీ బయట ఫాదరు ముఖం ఎర్రబడింది. హెడ్మాస్టరట! తన ఉద్యోగం గురించి వీధంతా ఇలా ప్రచారమా! వాళ్ళు నడిచి వెళ్ళేలోగా తనే పోయి ఆ ఇల్లాలికి నిజం చెప్పాలని సైకిలెక్కాడు.

తలుపు తీసిన పద్మావతమ్మ చేతిలో సొట్టలు పోయిన చెంబు ఉంది.

"అమ్మా, మీకొక విషయం చెప్పాలి. మీ ఆయన హెడ్మాస్టరు కావటం..."

"తెలుసు ఫాదర్. ఈ దినం హెడ్మాస్టరు సంగతికి నేను కోపం తెచ్చుకోవాల. పొద్దున్నే చెప్పిపోయినాడు. ఎంత కోపమో చెప్పలేదు. పిల్లోడు బెదురుగొడ్డా ఏమన్నానా? గట్టివాడైతే చెంబు విసురుతాను."

ఫాదరు చెంబు కేసి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పోయిన వారం మీ బడిలో గంగప్ప కొడుకు కోసరం ఏడవమన్నాడు. నాకు ఏడుపు రాదు ఫాదర్, ఎర్రగడ్డలు కోసినా రాదు. కోపమైతే సులువు. ఈయనతో కాపురం చేసినాను గదా!" వీధి చివర అడుగుల చప్పుడైంది. "అయ్యో, వచ్చేసినారు! మిమ్మల్ని చూస్తే పిల్లోడు బెదురుతాడు. ఆ రాగుల గాదె వెనక్కి పోండి!"

ఫాదరు ఎర్రటి రాగుల ధూళిలో, తెల్ల అంగీ ఎత్తిపట్టుకుని, తుమ్ము ఆపుకుంటూ అంతా విన్నాడు. పిల్లప్ప తడబడుతూ నిజం చెప్పాడు. "అయ్యో నా మానం తీసినారే!" అని పద్మావతమ్మ అరుపు. చెంబు ఎగిరి, గోడకు తగిలి, గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయింది. "అమ్మా, సార్ భయపడి దాచినారు గానీ మిమ్మల్ని మోసం చేయాలని కాదు!" అని ఓబళప్ప అడ్డం నిలబడ్డాడు.

పద్మావతమ్మ కాసేపు ఆయాసపడి, కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే. ఇంగొకరు చెప్పినుంటే నేను యాడ తలెత్తుకుందును? మీ నోటితోనే చెప్పినారు, మేలు. కూచోండి, ఉప్పిట్టు చల్లారిపోతాది."

"అంతేనా?" అన్నాడు ఓబళప్ప, అయోమయంగా.

"ఇంకేం చేయమంటావు నాయనా, ఉండేది ఒక్క మొగుడు!"

వాడు రవ్వ ఉప్పిట్టు సగంలో వదిలేసి లేచాడు. "సార్, హొసకోటెకి కడపటి బస్సు ఉంటాదా?" పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో నడిచే ఆ బస్సు ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి అందుకున్నాడు.

వాడు వెళ్ళాక గాదె వెనక నుంచి పెద్ద తుమ్ము వినిపించింది. ఒళ్ళంతా ధూళితో ఫాదరు బయటికి వచ్చాడు. పిల్లప్ప చేతిలోని ముద్ద జారిపోయింది.

"మాస్టారూ, అత్తగారి సంగతి?"

"ఆమె పోయి ఏళ్ళయింది ఫాదర్, చానా మంచిది."

"నడుం?"

"రాయిలాగుండాది."

"మరి పిల్లి?"

"పిల్లి మాత్రం నిజం ఫాదర్. అదే మా కొంప తీస్తాండాది." పిల్లప్ప తల గోక్కున్నాడు. "మనం కష్టం అడిగితే పిల్లోళ్ళు చెప్పరు ఫాదర్. సలహా అడిగితే, వాళ్ళ కష్టానికి కావలసినదే మనకు చెప్తారు."

పద్మావతమ్మ ఫాదరు ముందు కూడా ఒక ఉప్పిట్టు పళ్ళెం పెట్టింది. గదికి తాళం మాట ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

సోమవారం ఓబళప్ప తిరిగి వచ్చాడు. తల్లి నిజం విని కాసేపు ఏడ్చిందట. తర్వాత, "మన వీధిలో ఇంకెవురన్నా ఈ పరీక్ష రాస్తాండారా?" అని అడిగిందట. ఎవరూ లేరన్నాడు. "అట్లయితే మన వీధికి నువ్వే ఫస్టు. పో, చదువుకో," అందట. వాడు పటాలం మాట మరిచి, లెక్కల పుస్తకం పట్టుకుని రాత్రీ పగలూ కూర్చున్నాడు. ఆ ఏడు లెక్కల్లో ఒడ్డున పడ్డాడు. పొట్టేలు మాత్రం ఒడ్డున పడలేదు.

ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రం, ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఓబళప్ప హెడ్మాస్టరు గదికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఫాదర్, మీకొక మాట చెప్పి పోదామని వచ్చినాను. పిల్లప్ప సార్‌కి చానా కష్టాలుండాయి. ఇన్ని దినాలు నేను చూసుకున్నాను. ఇంక నేను పోతాండా. ఆయనకు ఎవురుండారు? మీరే రవంత కనిపెట్టుకోండి."

ఇన్నయ్య ఫాదరు పెదవి కొరికి పట్టుకున్నాడు. "తప్పకుండా నాయనా. నేను చూసుకుంటాను."

ఓబళప్ప గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఆయన చానా మంచోడు ఫాదర్. లోకజ్ఞానమే రవంత తక్కువ."