తాళం ఆపిన ప్రాసిక్యూటరు

మా వారి పేరు అనంతపద్మనాభం. ఆయన ఉండగా ఆ పేరు నా నోటివెంట రాలేదు. ఇప్పుడు రాసినా కోప్పడే మనిషి లేరు. విజయనగరం సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేసేవారు. ప్రభుత్వం తరఫున వాదిస్తున్నాను కనక నేనే ప్రభుత్వాన్ని అని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆయనలో ఉన్న పెద్ద లోపం అదే.

అరవై ఏడులో జరిగిన ఎన్నికల తరవాత మా వైపు ఒకాయనకి మంత్రి పదవి దక్కింది. ఊరు ఊరంతా సన్మానానికి కదిలింది. సభలో మంత్రిగారి బావమరిది లక్ష్మీనరసింహం పాట పెట్టారు. ఆయనా ప్లీడరే. కోర్టులో గొంతు పెగిలేది కాదు గాని, వేదిక ఎక్కితే మాత్రం దించడానికి మనుషులు కావలసి వచ్చేది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పాడుతుంటే, ముందు వరసలో కూర్చున్న సంగీతం తెలిసిన పెద్దమనిషి తొడమీద తాళం వేస్తూ ఉండాలి. పాడేవాడికి అదో ఆసరా, వినేవాళ్ళకి అదో భరోసా. మా మావగారు ఫిడేలు విద్వాంసులు. ఆ కుర్చీ మా వారికి అలా సంక్రమించింది. ఆ రోజు పాటా నడుస్తోంది, తాళమూ నడుస్తోంది. రెండూ చెరో దారిన వెళుతున్నాయని కాసేపటికి తేలిపోయింది. మా వారు చెయ్యి ఆపి ఒళ్ళో పెట్టుకున్నారు.

విజయనగరంలో అంతకంటే చెంపదెబ్బ నయం. మంత్రిగారికి సంగీతం తెలియదు గాని, జనం ఎటు చూసి నవ్వుకుంటున్నారో తెలుసుకునే విద్య ఉంది.

"ఆ చెయ్యి ఇంకాస్త ఆడిస్తే అరిగిపోతుందా?" అన్నాను ఇంటికొచ్చాక.

"ఎక్కడని వెయ్యమంటావే? వెతికాను. దొరకలేదు," అన్నారు.

నెల తిరక్కుండా ఉత్తరువు వచ్చింది. ప్రభుత్వానికి ఆయనమీద విశ్వాసం ఇంకిపోయిందట. అదే వారంలో లక్ష్మీనరసింహంగారి మీద ఊటలా పుట్టుకొచ్చిందట.

ఉద్యోగం పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. ఆయన్ని తినేసింది అప్పటిదాకా తన చేతిలో ఉన్న కూర్మయ్య కేసు. గజపతినగరం దగ్గర ఒక పల్లెలో, చేనుకి నీళ్ళు పెట్టుకుంటున్న కూర్మయ్యని పెద్దరైతు మనుషులు కొట్టి చంపేశారు. చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అతని భార్య చిన్నతల్లి, రెండోవాడు పక్క చేను ఎర్రన్న.

చిన్నతల్లి మా అరుగుమీదకొచ్చి కూలబడింది.

"నిన్ను తీసీసినారట కదా బాబూ! ఏటి సేసినావు?"

"తాళం వెయ్యలేదమ్మా."

"తాళం ఎయ్యకపోతే కాపలావోడిని తీసెయ్యాల గాని నిన్నెందుకు తీసినారు? మరి నా కేసు ఎవులు సూస్తారు?"

ఈలోగా రాజకీయం రాజుకుంది. గంటస్తంభం దగ్గర ప్రతిపక్షం వాళ్ళు సభ పెట్టి, మా వారిని అమరవీరుణ్ణి చేశారు. ఆయన అప్పుడు ఇంట్లో దోసకాయ పచ్చడితో అన్నం తింటున్నారు. ఒక పత్రిక ఫోటో కూడా వేసింది. కింద పేరు మా వారిదే, మొహం ఎవరిదో. ఇక ప్లీడర్ల సంఘం కార్యదర్శి జగన్నాధం కోర్టుల బహిష్కరణ ప్రకటించాడు. మా వారికి వరసకి బావమరిది. కూర్మయ్య కేసులో ముద్దాయిల వకీలు కూడా అతనే.

"నీకోసమే బావా ఇదంతా!"

"నాకోసమైతే మానెయ్యరా. వాయిదా పడితే సాక్షి జారిపోతాడు."

"నువ్వు ఊరుకో బావా. నీ సంగతి నీకేం తెలుసు? ఇది సూత్రం!"

ఆ సూత్రం పుణ్యమా అని కేసు వాయిదా పడింది. మళ్ళీ పడింది. కోర్టు నుంచి ఎర్రన్న మొదటిసారి చిన్నతల్లితో బస్సులో ఇంటికి వెళ్ళాడు, రెండోసారి ముద్దాయిల బండిలో వెళ్ళాడు.

ఆ సాయంత్రమే మా వారు లక్ష్మీనరసింహం ఇంటికి నడిచారు. చనిపోయినవాడి తరఫు వకీలు ప్రాసిక్యూటరు వెనక కూర్చుని సాయపడటానికి చట్టం ఒప్పుకుంటుంది. ప్రాసిక్యూటరు సరేననాలి, అంతే.

"మీ వెనక కూర్చుంటాను. ఏం అడగాలో నేను అందిస్తాను, మీరు అడగండి. పేరు మీదే," అన్నారు.

దానికి లక్ష్మీనరసింహం, "కేసు సంగతికి నాకేం అభ్యంతరం లేదండీ. ఆనాటి నా పాట ఎలా ఉంది? ఆ మాట చెప్పండి," అన్నాడట.

"బాగుందండీ," అన్నారు మా వారు.

జీవితంలో ఆయన చెప్పిన దొంగసాక్ష్యం అదొక్కటే. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, భోజనం వద్దని పడుకున్నారు.

విచారణ మొదలైంది. బహిష్కరణ భంగం చేసిన ద్రోహి అని సంఘం ఆయన్ని వెలివేసింది. ఆ తీర్మానం మీద సంతకం పెట్టి, జగన్నాధం గౌను తొడుక్కుని ముద్దాయిల తరఫున వాదించడానికి పరిగెత్తాడు. ఎర్రన్న తానేమీ చూడలేదన్నాడు. చిన్నతల్లి చూసింది చూసినట్టు చెప్పింది. జగన్నాధం ఎన్ని వైపుల నుంచి పొడిచినా మాట మార్చలేదు. ఇద్దరు ముద్దాయిలకి శిక్ష పడింది.

కొత్త ప్రాసిక్యూటరు తొలి విజయమని పాలకపక్షం పూలదండలతో దిగింది. అమ్ముడుపోయిన అమరవీరుడని మా వారిని ప్రతిపక్షం తిట్టింది. కోర్టు వరండాలో ఈ సందడంతా జరుగుతుంటే చిన్నతల్లి మా వారి దగ్గరకొచ్చింది.

"అందరూ ఆ బాబుకి దండలేస్తన్నారు. జెడ్జీ బాబు ఇంగిలీసులో ఏటి సదివినాడో నాకు తెల్లేదు. మా ఆయన గురించి ఏటైనా అన్నాడేటి?"

స్తంభం పక్కన నిలబడి మా వారు తీర్పులో ఆ భాగం తెలుగులో చెప్పారట. కూర్మయ్య తన నీళ్ళే తను పెట్టుకున్నాడని, ఎవరి జోలికీ పోలేదని, అతన్ని అన్యాయంగా చంపారని.

"ఇంకోపాలి సెప్పు బాబూ," అంది.

మళ్ళీ చెప్పారు.