తడిసిన ఉప్పు

ఆమెను బళ్ళో అందరూ ఉప్పు టీచరు అనేవారు. ముఖం మీద అనేవారు కారు గానీ ఆమెకు తెలుసు, తెలిసీ నవ్వుకునేది. రసాయన బంధాల పాఠం వచ్చిందంటే చేతిసంచిలో ఉప్పుగల్లు తెచ్చి, సుత్తితో ఒక్కటిచ్చి, అది చదునైన ముక్కలుగా ఎలా విరిగిందో పిల్లలకు చూపించేది.

"సోడియానికి ఒక ఎలక్ట్రాన్ వదిలించుకోవాలని ఆరాటం, క్లోరిన్‌కి సరిగ్గా ఒకటే కావాలని ఆత్రం. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇక ఒకరినొకరు వదలరు. గల్లంతా ఇలా వరసలు కట్టి కూర్చుంటారు. అందుకే ఉప్పు గట్టిగా ఉంటుంది, పొయ్యి మీద పెట్టినా ఓ పట్టాన కరగదు. దెబ్బకి ఒక వరస జరిగిందా, ఒకే రకం ఆవేశాలు ఎదురుబొదురై తోసుకుంటాయి, పుటుక్కున విరుగుతుంది," అనేది.

తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. వాణ్ణి ఆమే పెంచింది. పెళ్ళి మాట ఎవరెత్తినా "వీడి చదువు కానివ్వండి" అనేది. వాడి చదువు పదో తరగతిలో ఆగిపోయింది, ఆమె పెళ్ళి మొదలే కాలేదు. వాడు ఐసు ఫ్యాక్టరీలో కుదిరాడు, పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లోనే మేడమీది గది ఆమెది.

ఓ రోజు వాడు క్యారేజీ మరిచిపోతే, బడికి వెళ్తూ ఆమే ఇచ్చిరావడానికి ఫ్యాక్టరీకి వెళ్ళింది. లోపల చెక్కలు పరిచిన పెద్ద తొట్టి, చెక్కల కింద ఉప్పునీళ్ళు. మంచినీళ్ళు నింపిన రేకు డబ్బాలు అందులో మునిగి ఉంటాయి. డబ్బాల్లో నీళ్ళు గడ్డకట్టేంత చలిలోనూ ఉప్పునీళ్ళు గడ్డకట్టవు. తొట్టి పక్కన గోడవారగా ఉప్పుబస్తాలు, వాటి మీదుగా మోటారుకు పోయే వైరు. ఒకచోట దాని తొడుగు ఒలిచిపోయి ఉంది.

"ఆ వైరేంట్రా, అలా పడేశారు?"

"బస్తాల మీదే కదక్కా. ఉప్పులోంచి కరెంటు పోదని నువ్వే గదా చెప్పావు."

ఆమెకు ముచ్చటేసింది. చదువు అబ్బలేదనుకున్న తమ్ముడికి తన పాఠం గుర్తుంది. పొడిగా ఉన్నంతవరకేరా అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో వీధిలో బస్సు హారన్ వినిపించింది. "సర్లే, జాగ్రత్త," అని పరుగు తీసింది.

తర్వాత ముసురు పట్టింది. గాలిలో తడి, తొట్టిలోంచి చిందే నీళ్ళు కలిసి బస్తాలు చెమ్మగిల్లాయి. తమ్ముడు వట్టి కాళ్ళతో తడినేల మీద నిలబడి, అడుగు బస్తాను లాగబోయి కుడిచెయ్యి వేశాడు. కరెంటు పట్టేసి చెయ్యి అతుక్కుపోయింది. పక్కవాడు పరుగెత్తి మెయిన్ ఆపేసరికి వేళ్ళు కాలిపోయాయి. ప్రాణం దక్కింది గానీ రెండు వేళ్ళు తీసేశారు, మిగతావి ముడుచుకుపోయాయి.

ఆస్పత్రిలో చూడవచ్చిన వాళ్ళతో వాడు నవ్వుతూనే అన్నాడు, "మా అక్క పాఠం సగమే గుర్తుంది నాకు. అదీ సంగతి."

మంచం పక్కనున్న భార్య నవ్వలేదు. అందరూ వెళ్ళాక వరండాలో ఆడపడుచును ఆపింది.

"ఈయన సగమే విన్నారా వదినా, మీరు సగమే చెప్పారా?"

"ఆ రోజు సగం కూడా చెప్పలేదమ్మా. ఆ వైరు చూసి ఊరుకున్నాను."

ఆ పిల్ల తిరిగి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఇంట్లో ఆ రోజు నుంచి మాటలు అవసరానికి మించి జరగలేదు. మరదలు అన్నం పెట్టేది, కూర వేసేది, మంచినీళ్ళు పెట్టేది, ముఖం మాత్రం అటు తిప్పుకునేది.

ఆ వైరు ఇప్పటికైనా తీయించమని ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరకు వెళ్ళి అడిగింది. "జరిగిపోయిందానికి ఏం చేస్తామండీ," అని ఆయన నసిగాడు. మర్నాడూ వెళ్ళి కూర్చుంది, ఆ మర్నాడూ వెళ్ళింది. ఈవిడ వదిలే రకం కాదని తేలాక, వైరును గొట్టంలో వేసి గోడపైకి ఎక్కించారు. తిరిగొస్తూ, ఇదే పని నేను అప్పుడే చేయించి ఉండొచ్చు కదా అనుకుంది.

బళ్ళో మళ్ళీ ఆ పాఠం వచ్చింది. బ్యాటరీ, బల్బు, రెండు తీగలు బల్ల మీద పెట్టింది. ఎండు ఉప్పులో తీగలు గుచ్చితే బల్బు వెలగలేదు. ముందు బెంచీ అమ్మాయి అప్పుడే రాసుకుంటోంది, ఉప్పు గుండా విద్యుత్తు పోదు అని.

"కలం కింద పెట్టు," అంది ఆమె. గొంతు తనకే కరుకుగా వినిపించింది. "ఎవరూ రాయకండి. పూర్తయ్యేదాకా ఒక్క ముక్క రాయొద్దు."

పిల్లలు బిక్కచచ్చిపోయారు. నీళ్ళ గ్లాసు ఎత్తి ఉప్పులో పోసింది. ఉప్పు కరుగుతుంటే బల్బు మెల్లగా వెలిగింది.

"వరసల్లో కదలకుండా కూర్చున్నవాటిని నీళ్ళు ఒక్కొక్కటిగా లాగేస్తాయి. ఇక వాటిష్టం, అటూ ఇటూ తిరుగుతాయి, కరెంటును మోసుకుపోతాయి. ఈ పని చెయ్యడానికి గ్లాసెడు నీళ్ళు అక్కర్లేదు, చెమ్మ చాలు. చక్కెర కరిగినా ఇలా చెయ్యదు. అందులో ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు, పంచుకోవడమే. ఇప్పుడు రాసుకోండి."

తన తమ్ముడి సంగతి చెబుదామనుకుంది గానీ తీగలు చుట్టి సంచిలో పెట్టేసుకుంది.

తమ్ముణ్ణి మళ్ళీ తొట్టి దగ్గరకు రానివ్వలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఐసు చీటీలు రాసే పని ఇస్తామన్నారు. దానికి ఎడమచేత్తో రాయడం రావాలి. సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని దిద్దించేది. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చేవి. ఓ సాయంత్రం వాడు కలం విసిరికొట్టాడు.

"చిన్నప్పుడు చాల్లేదా అక్కా, మళ్ళీ మొదలెట్టావు? లే ఇక్కణ్ణుంచి."

అంతవరకు నవ్వుతూ తిరిగిన మనిషి నోట మొదటిసారి అలాంటి మాట వచ్చింది. వంటింట్లోంచి మరదలు వచ్చింది, మూలకు దొర్లిన కలం తీసింది.

"మీరు పైకెళ్ళి పడుకోండి వదినా. నేను రాయిస్తాలెండి," అంది. గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు.

మెట్లెక్కుతుంటే కింద నుంచి వినిపిస్తూనే ఉంది, ఆ పిల్ల ఒక్కో అంకె గట్టిగా చెబుతోంది, వాడు విసుక్కుంటూ రాస్తున్నాడు.