ఏ వేలికి గుచ్చాలి

ఈ ఉదయం క్యాంపులో దూది మీద స్పిరిట్ పోయగానే ఆ ఘాటుకు, సువర్ణ సిస్టరు గారు నా పక్కనే నిలబడినట్టనిపించి చటుక్కున తల తిప్పాను. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. రిటైరైన నర్సు. నరసాపురం దగ్గర ఒక ఊళ్లో నెలకో ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి వరండాలోనే ఉచితంగా బీపీ, సుగరు చూసేవారు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న నేను సాయం వెళ్లేవాణ్ణి.

అప్పట్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. వరుస పొడుగ్గా కనబడితే చాలు, ఎదుట కూర్చున్నవాళ్లు ఎప్పుడు లేస్తారా అని చూసేవాణ్ణి. ఉచితంగా సేవ చేస్తున్నాను, నన్ను అనేవారెవరు అని ధీమా. అలాంటి ఒక ఆదివారం లేసు అల్లే కాంతమ్మ గారు వచ్చారు. ఆవిడ ఏదో చెప్పబోతుంటే వినిపించుకోకుండా, అందిన ఎడమ చూపుడువేలికి సూది గుచ్చేశాను. లేసు అల్లేటప్పుడు దారం నడిచేది ఆ వేలి మీదుగానే. ఇంటికెళ్లి అల్లుతుంటే రాపిడికి గుచ్చినచోట చిట్లి, తెల్లటి లేసు మీద రక్తం మరక పడిందట. వారం రోజుల పని విప్పేసుకున్నారట. నాకివేవీ తెలియవు.

తర్వాత రెండు క్యాంపులకు ఆవిడ రాలేదు. మూడోసారి సిస్టరు గారు వరుస మధ్యలోనే ఆపేసి, నన్ను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి నడిచారు. మమ్మల్ని చూడగానే కాంతమ్మ గారు కుడికాలు చీర కిందికి లాక్కున్నారు. బొటనవేలు నల్లబడిపోయింది. అక్కడే పరీక్ష చేసి చూస్తే సుగరు బాగా పెరిగింది. ఎందుకు రాలేదని అడిగితే, నా వంక చూడకుండా జరిగింది చెప్పారు.

ఆవిణ్ణి పెద్దాసుపత్రికి పంపించి తిరిగొస్తుంటే సిస్టరు గారు నెమ్మదిగా అన్నారు. “డబ్బులు తీసుకోవట్లేదు కదా అని వాళ్ల చేతుల మీద మనకి హక్కొచ్చేస్తుందేంటి బాబూ? ఏ వేలితో పని చేసుకుంటారో అడగాలి కదా.” తిట్టి ఉంటే బాగుండేది.

కాలి బొటనవేలు తీసేశారు. గాయం మానాక కాంతమ్మ గారు కర్ర పట్టుకుని క్యాంపుకు వచ్చారు. సిస్టరు గారు పిలుస్తున్నా వెళ్లకుండా నా ముందు కూర్చుని, కుడిచేతి చిటికెనవేలు చాపారు.

“దీనికి గుచ్చండి బాబూ. దీంతో నాకు పనుండదు.”

ఆ వేలినే దూదితో తుడిచి గుచ్చాను.

ఇప్పుడు వలలు అల్లేవాళ్లనైనా, రొయ్యలు వలిచేవాళ్లనైనా అడిగే గుచ్చుతాను. వెనకవాళ్లు విసుక్కుంటారు, నాకూ లోపల తొందర తగ్గలేదు. అడగడానికి రెండు క్షణాలు పడుతుంది. ఆ రోజు ఆ రెండు క్షణాలు నా దగ్గర లేకపోయాయి. కాంతమ్మ గారు మాత్రం ఇప్పటికీ కుంటుతూనే వస్తున్నారు.