వాగులో ఆగిన చదువు

సాబేరా మేడం ఇక లేరన్న మాట ఆసుపత్రి వరండాలో విన్నాను. విని కూడా నమ్మలేదు. అప్పటికి ఆమె నెత్తురు నా చున్నీ మీద ఇంకా ఆరలేదు. కాలధర్మం చెందారని రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆమెను కొట్టి చంపారు.

కోరుట్లలో తాళాలు బాగుచేసే ఇంట పుట్టి, విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ విధానాలు బోధించిన ఆచార్యురాలు ఆమె. వాగుల్లోంచి ఇసుక పోతే ఊళ్ల బావులూ బతుకులూ ఏమవుతాయన్నదే ఆమె జీవితకాల పరిశోధన. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడులో పెరిగిన నేను ఆమె చివరి శిష్యురాలిని.

ఆమెకొక కఠోర నియమం. ఏ నివేదికైనా విశ్వవిద్యాలయానికి పంపే ముందు ఊళ్లో డప్పు చాటింపు వేయించి, ఎక్కడి సంగతి రాశారో అక్కడే నిలబడి చదివేవారు. తప్పుంటే ఊరివాళ్లు చెప్పాలి, అక్కడికక్కడే దిద్దాలి. "ఊరి ముంగట సదవలేనిది రాయొద్దు బిడ్డా" అనేవారు. తోటి ఆచార్యులు నవ్వుకునేవారు. నవ్వుకోనీ, వాళ్లు రాసింది ఏ ఊరూ వినలేదు.

మల్లాపూర్ వైపు ఒక ఊళ్లో చదివిన మర్నాడే ఇసుక దందా చేసేవాళ్లు ఆమె స్కూటీని తగలబెట్టారు. ఇంకోసారి ఇసుక ట్రాక్టరుకు అడ్డం నిలబడితే గడ్డపారతో మణికట్టు విరగ్గొట్టారు. నేను ఏడుస్తుంటే కసిరారు. "ఏడుపెందుకే? ఎడమ చెయ్యి లేదా?" కట్టు విప్పేదాకా ఆ చేత్తోనే బోర్డు మీద వంకరటింకరగా పాఠం రాశారు.

చివరి చదువు ధర్మపురి దగ్గరి ఒక ఊరి వాగులో. బావులు ఎందుకెండాయో చెప్పే పేజీకి వచ్చేసరికి, ఇసుక ట్రాక్టర్ల మీద వచ్చినవాళ్లు పార కర్రలతో విరుచుకుపడ్డారు. మొదటి దెబ్బకు కళ్లద్దాలు పగిలాయి. ఆమె చదువుతూనే ఉన్నారు. రెండోది తల మీద పడింది. వాక్యం సగంలో తెగింది. పడిపోయాక కూడా కొట్టారు, దుర్మార్గులు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా. తల పగలగొట్టినవాడు ఆ ఊరివాడే, మల్లవ్వ అనే ఆవిడ కొడుకు రాజేశం.

అంబులెన్సులో నా చేయి పట్టుకున్నారు. "సగమే సదివిన. మిగిలింది ఊరికి సదవకుంట పంపకు" అన్నారు. మళ్లీ మాట్లాడలేదు.

ఖననం అయ్యాక ఆ ఊరికి వెళ్లి డప్పు కొట్టించి, అదే వాగులో నిలబడ్డాను. భయంతో చాలాసేపు ఎవరూ ఇల్లు కదల్లేదు. మొదట వచ్చింది మల్లవ్వ. నాకు ఒళ్లు మండిపోయింది. పొమ్మనబోయాను. ఆమె నా ముఖం చూడకుండా ఇసుకలో కూర్చుంది. ఆమె వెనకే ఒక్కొక్కరూ వచ్చారు. కాగితాలు తీసి మొదటి పేజీ ఎత్తుకోగానే మల్లవ్వ చేయి అడ్డం పెట్టింది.

"మొదటికెల్లి వద్దు బిడ్డా. నా కొడుకు కొట్టంగ ఏడ ఆగిందో, ఆడికెల్లి సదువు."

మేడం, అక్కడి నుంచే చదివాను. మీలాంటి గొంతు ఆ వాగు మళ్లీ వినదు. మిగిలిన సగం మాత్రం విన్నది. ఒక్కరూ తప్పనలేదు.